జల్లెడలో మిగిలినవి

బాయిలర్ బూడిదలో నీలక్క చేతికి మొదట తగిలింది ఒక జిప్పు.

కాలి నల్లబడింది. గుడ్డ పట్టీ మాడి రాలిపోయింది, ఇత్తడి పళ్లు మాత్రం వరసగా అలాగే ఉన్నాయి. ఫ్యాంటు జిప్పు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. కట్టెలు కాలిన బూడిదలో జిప్పు ఎందుకుంటుంది?

కిందటి వారం ఆమెను తొట్టి పక్కన తల పట్టుకుని కూర్చోగా వదిలేశాం. అప్పటికి ఆమెను తొలుస్తున్నది ఒకటే ప్రశ్న. పంతొమ్మిది రోజులుగా నీలిమందు తొట్టి ఎందుకు చచ్చిపోతోంది?

పాత బట్టల్ని చీల్చి దూది చేసి, ఆ దూదిని దారంగా వడికి, ఆ దారంతో కొత్త బట్ట నేసే మిల్లు అది. ఒక గదిలో పనికిరానిది ఇంకో గదిలో పనికొస్తుంది. బాయిలర్ బూడిద అద్దకం షెడ్డుకు వస్తుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి వడగడితే వచ్చే ఘాటు నీళ్లే నీలిమందు తొట్టికి ఆహారం. తొట్టి అడుగున దిగిన మడ్డి వెనకాల మడిలోకి వెళ్తుంది. ఆ మడిలోనే నీలి మొక్కలు పెరుగుతాయి. చివర్లో మిగిలిన నీళ్లు తుంగ మొలిచిన రెండు గుంటలు దాటి తేటబడి బయటికి పోతాయి. పారేసేది ఏదీ ఉండదు. గేటు పక్కన గోడ మీద రాసి ఉన్న మాట కూడా అదే.

తొట్టి వయసు పదహారేళ్లు. మొదలుపెట్టింది పిన్ని. రోజూ ఉదయం గుప్పెడు తవుడు వేసి, వెదురు కర్రతో కలిపి, వేలితో రుచి చూసి, పసిపిల్లను చూసినట్టు చూసింది. నాలుగేళ్ల కిందట ఆస్పత్రి మంచం మీద నీలక్కతో ఆవిడ అన్న ఆఖరి మాట కూడా ‘తవుడు మర్చిపోకే’ అనే. నీలక్క ఒక్క రోజూ మర్చిపోలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకునే వచ్చి వేసింది. మోచేతుల దాకా నీలం పట్టేసి, చివరికి ఆమె అసలు పేరు కూడా మిల్లులో అందరూ మర్చిపోయారు.

అలాంటి తొట్టి మీద రాగిరంగు తెట్టు పోయింది. నీలి నురుగు పోయింది. ముంచిన గుడ్డ మురికి పట్టినట్టు బూడిదరంగులో బయటికొస్తోంది. పది రోజుల కిందట తట్టుకోలేక, పాత బట్టల గుండీలు కత్తిరించే గుండీలత్తను అందరి ముందూ నిలదీసింది. సబ్బు చేతులు తొట్టిలో కడిగావా అని. ఆవిడ కత్తెర పట్టుకుని తన గదికి వెళ్లిపోయింది. అప్పటి నుంచీ ఈమెతో మాట్లాడటం లేదు.

ఇక ఈ రోజు మూడు గంటలకు తనిఖీ ఆఫీసరు వస్తున్నారు. ఇక్కడి బట్ట పూర్తిగా పాత బట్టల నుంచే తయారైందని అద్దకం చూసే మనిషి ఆవిడ ఎదురుగా సంతకం చేయాలి. సంతకం పడితే మిల్లుకు మరో రెండేళ్లు ఢోకా లేదు. పడకపోతే నలభై మంది ఆడవాళ్లు వేరే పని వెతుక్కోవాలి. ఆ వయసులో, ఆ చేతులతో, ఎక్కడ? మిల్లు యజమాని మేడమ్ తెచ్చిచ్చిన ఉత్తరంలో ‘ఎప్పటిలాగే అద్దకం విభాగం సంతకం’ అని ఉంది. నీలక్క ఇంతవరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆఫీసు ఉత్తరాలు అలాగే ఏడుస్తాయిలే అనుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

జల్లెడ మళ్లీ ఊపింది. బూడిద కిందికి రాలింది. పైన మిగిలినవి గలగలమన్నాయి.

తెల్ల గుడ్డ పరిచి ఒక్కొక్కటే పేర్చింది. పదకొండు జిప్పులు. జీన్సు జేబు మూలల్లో కొట్టే రాగి మేకులు, దోసెడు. లంగా హుక్కులు. ఇనుప గుండీలు. బెల్టు బకిల్ ఒకటి. వీటికి తోడు నల్లగా, గాజు ముద్దల్లా గట్టిపడిన ఉండలు. ఒకదాన్ని రాయితో కొడితే పగిలి, కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది.

నిన్న వడగట్టిన బూడిద నీళ్లలో వేళ్లు ముంచి రుద్దుకుంది. కట్టె బూడిద నీళ్లయితే వేళ్లు జారతాయి, సబ్బు రాసినట్టు. ఇవి జారలేదు. ఘాటు లేకుండా మామూలు నీళ్లలాగే ఉన్నాయి.

ఆమె లేచి బాయిలర్ వైపు తిరిగి పిలిచింది.

“పొగా! ఒకసారి ఇలా రా!”

బాయిలర్ మనిషిని మిల్లులో అందరూ పొగగొట్టం అంటారు. అంత పొడుగు, అంత నలుపు, నోట్లోంచి ఎప్పుడూ సిగరెట్టు పొగ. కోపమొచ్చినవాళ్లు గొట్టం అంటారు, ముద్దొచ్చినవాళ్లు పొగ అంటారు. భుజాన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏంటక్కా, బూడిదలో బంగారం దొరికిందా? సగం నాది.”

“చూసి చెప్పు, ఇదేం బంగారమో.”

వంగి చూశాడు. సిగరెట్టు తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

“ఇవెక్కడివి?”

“నీ బూడిదలోవి.”

“నా బూడిదలోవా? నా పొయ్యిలో కట్టె, రంపపు పొట్టు తప్ప ఇంకోటి వెయ్యనక్కా. మా ఆవిడ పుట్టింటి నుంచి రాసిన ఉత్తరాలు కూడా వెయ్యలేదు. చాలాసార్లు వెయ్యాలనిపించింది, అయినా వెయ్యలేదు.”

“పొగా, నవ్వే ఓపిక లేదు. పొయ్యి దగ్గర నువ్వు ఎప్పుడుండవు?”

“ఎప్పుడూ ఉండను... ఉంటాను... అదే, ఎప్పుడూ అక్కడే ఉంటాను. భోజనానికి వెళ్లినప్పుడు తప్ప.”

“అప్పుడెవరుంటారు?”

పొగగొట్టం చెవి వెనక సిగరెట్టును తడుముకున్నాడు.

“మాస్టారు.”

లోపల బాయిలర్ ఈల వేసి ఆగింది.

మాస్టారంటే మిల్లుకు మాస్టారు, నీలక్కకు సొంత చిన్నాన్న. పాత బట్టను చీల్చే మిషన్ తయారుచేసింది ఆయనే. దారం వడకడం అందరికీ నేర్పింది ఆయనే. తొట్టి మొదలుపెట్టిన పిన్ని ఆయన భార్యే.

“ఏడు నెలలైందక్కా,” పొగగొట్టం గొంతు తగ్గించాడు. “ఒకరోజు వచ్చి, ‘ఒరే, ఏనాడైనా స్థిమితంగా కూర్చుని తిన్నావా? నీడలోకి పోయి తినిరా, గంట సేపు పొయ్యి నేను చూస్తాను’ అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లుగా ఈ పొయ్యి దగ్గరున్నాను. తిన్నావా అని అడిగిన మనిషి లేడు.”

“అనుమానం రాలేదా నీకు?”

“ఎందుకు రాలేదు? ఆ గంటలో పొగ నల్లగా పోయేది. పెద్దాయన తడి కట్టెలు తోస్తున్నారేమో, చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను. మంచికిపోయి ఇచ్చిన గంటను పట్టుకుని ఎలా లెక్కలడుగుతానక్కా?”

నీలక్క తెల్ల గుడ్డ నాలుగు మూలలూ కలిపి మూటకట్టింది. ఆమెకు గుర్తొచ్చింది ఇంకో మంచితనం. ప్రతి సోమవారం పొద్దున్నే జల్లెడ పట్టిన మెత్తటి బూడిద తట్టలో పెట్టుకుని చిన్నాన్న షెడ్డుకు మోసుకొచ్చేవాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. వద్దు చిన్నాన్నా, నేనొచ్చి తెచ్చుకుంటానంటే వినేవాడు కాదు. ‘మీ పిన్ని తొట్టికి ఈ మాత్రం చెయ్యనీవే’ అనేవాడు. నిన్న ఊరికెళ్లాడు కాబట్టి, ఈ సోమవారం రాలేకపోయాడు కాబట్టి, జల్లెడ ఇవాళ మొదటిసారి ఆమె చేతిలోకి వచ్చింది.

“ఎవరికీ చెప్పకు,” అంది.

“చెప్పడానికి నాకేం అర్థమైందని,” అన్నాడు పొగగొట్టం. అయితే అతని ముఖం చూస్తే అర్థమైనట్టే ఉంది.

గుండీల గదికి వెళ్లడం ఆమెకు బాయిలర్‌లోకి దూకడం కంటే కష్టంగా తోచింది. వెళ్లక తప్పదు. కిటికీల పక్కన పొడవాటి బల్లలు. ఒకప్పుడు ఆ బల్లల మీద పాత చొక్కాలు గుట్టలుగా ఉండేవి. పదహారు మంది ఆడవాళ్లు కత్తెరలు కటకటలాడిస్తూ గుండీలు, జిప్పులు తీసి పడేసేవాళ్లు. మిషన్ పళ్లకు ఇనుము తగిలితే విరుగుతాయి కాబట్టి ఇక్కడ గుండీ తీయని గుడ్డ ముందుకు పోదు. ఇప్పుడు బల్లల మీద పాత చొక్కా ఒక్కటీ లేదు. నేసిన కొత్త బట్టకు వేలాడే పోగులు కత్తిరిస్తున్నారు, చీటీలు కుడుతున్నారు. నెలల తరబడి రోజూ ఈ గది ముందు నుంచే నడిచింది నీలక్క. చూడలేదు.

గుండీలత్త కళ్లజోడు పైనుంచి చూసి మళ్లీ తల దించుకుంది.

“అత్తా, ఒక మాట.”

“నా చేతులు బాగా కడుక్కున్నాను. నీళ్లతోనే,” అంది అత్త తల ఎత్తకుండా. “సబ్బు అనుమానముంటే వాసన చూసుకో. నా చేతులకు సబ్బు తగిలి ఎన్నాళ్లయిందో మా ఇంటాయన్ని అడిగినా చెప్తాడు.”

బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

“నాదే తప్పు అత్తా. తొట్టి పాడైంది నీ వల్ల కాదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తున్నాను. నీ వల్ల కాదు.”

కత్తెరల చప్పుడు ఆగింది. గుండీలత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

“కూర్చో,” అంది. “నిలబడితే పడిపోయేలా ఉన్నావు. ఏమైంది?”

నీలక్క మూట విప్పలేదు. “గుండీల పీపా చూడాలి.”

మూలలో నీలంరంగు ప్లాస్టిక్కు పీపా. కత్తిరించిన గుండీలన్నీ అందులోకే పోతాయి. కుట్టుపని నేర్పే బడివాళ్లు ఏడాదికోసారి వచ్చి తీసుకుపోతారు. ప్రతి నెల ఒకటో తారీఖున గుండీలు ఎంత ఎత్తు వచ్చాయో అంత దగ్గర పీపా పైన సుద్దతో గీత గీయడం అత్తకు అలవాటు. ఎవరూ చెప్పలేదు. ఊరికే, తన పని ఎంత పెరిగిందో చూసుకోవడానికి.

కింద నుంచి గీతలు బెత్తెడు బెత్తెడు ఎడంతో పైకి ఎక్కాయి. ఒక చోట ఆగిపోయాయి. అక్కడ ఏడు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే లావు గీత అయింది.

“అడిగాను మాస్టార్ని,” అంది అత్త. “‘ఇప్పుడు గుండీలు తీసేసిన బట్టలే వస్తున్నాయమ్మా, మీకు శ్రమ తగ్గింది, సంతోషించండి’ అన్నారు. సంతోషించలేకపోయాను. అలాగని వాదించలేదు. పని తీసేయకుండా పోగులు కత్తిరించే పని ఇచ్చారు. ఇంకేం మాట్లాడతాను?”

“మరి మిషన్ రోజూ తిరుగుతోందిగా. నా షెడ్డుకు వినపడుతోంది.”

గుండీలత్త ఆమెను జాలిగా చూసింది.

“ముప్పై ఏళ్లు మిషన్ల పక్కన బతికాను పిల్లా. కడుపులో గుడ్డ ఉంటే దాని గొంతు బొంగురుగా ఉంటుంది. ఖాళీగా తిరిగితే సన్నగా ఏడుస్తుంది. ఏడు నెలలుగా ఏడుస్తూనే ఉంది.”

మిషన్ గది తాళం వేసి లేదు. వేయాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. ఆయన గదిలోకి అడగకుండా ఎవరూ వెళ్లరు. నీలక్క వెళ్లింది. ఈ రోజు ఆయన లేడు కాబట్టి మిషన్ ఏడవడం లేదు. మూత ఎత్తి గొంతులోకి చెయ్యి పెట్టింది. అక్కడ ఎప్పుడూ దూది నుసి వేలి మందాన పేరుకుని ఉండాలి. చేతికి తుప్పు తగిలింది. పైమూలన సాలెగూడు. తిరుగుతూ ఉండే పళ్లకు దూరంగా, ఒక మూలలో, సాలీడు కూడా ఏడు నెలలు నిశ్చింతగా ఉన్నట్టుంది.

గోడకు చిన్నాన్న ఫోటో. పెద్ద హాల్లో, మైకు ముందు, ఒక చేతిలో చిరిగిన చొక్కా, ఇంకో చేతిలో కొత్త గుడ్డ. వెనక వందల మంది చప్పట్లు. ఆ రోజు నీలక్క కూడా ముందు వరసలో ఉంది, చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. ‘ఏ పాత బట్టయినా తెచ్చివ్వండి. మీకు కొత్త బట్ట చేసి చూపిస్తాను’ అన్నాడాయన. ఆ మరుసటి రోజు నుంచే గేటు దగ్గర బట్టల సంచులు వచ్చి పడటం మొదలైంది.

ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. వెళ్లి పడుకోవాలనిపించింది. ఏమీ తెలియనట్టు తొట్టిలో తవుడు వేసి, మూడింటికి సంతకం పెట్టేసి, ఇంటికెళ్లి రెండు రోజులు నిద్రపోవాలనిపించింది. మూట ఒళ్లో బరువుగా ఉంది. ఎంతని, పదకొండు జిప్పులు, దోసెడు మేకులు. అయినా బరువుగా ఉంది.

రెండుంపావుకు వరండాలో చెప్పుల చప్పుడు. చిన్నాన్న నడక ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుడి కాలు గట్టిగా, ఎడమ కాలు మెత్తగా. ఈ మధ్య రెండూ మెత్తగానే పడుతున్నాయి.

“ఇక్కడున్నావా అమ్మాయ్? షెడ్డులో చూశాను,” అన్నాడు. బస్సు ప్రయాణంతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. చేతిలో సంచి బల్ల మీద పెట్టాడు. “బూడిద సంగతి ఏం చేశావు? నేనొచ్చాక ఇస్తానని చెప్పి వెళ్లాలనుకున్నాను, హడావుడిలో మర్చి...”

నీలక్క బల్ల మీద మూట విప్పింది.

ఆయన చూశాడు. ఒక జిప్పును చూపుడు వేలితో కాస్త జరిపాడు, వరసలోంచి తప్పిన దాన్ని సర్దుతున్నట్టు. అంతే. ఆశ్చర్యం నటించలేదు. ఇవేంటని అడగలేదు. అందుకే నీలక్కకు ఆఖరి ఆశ కూడా పోయింది.

“కుర్చీ ఇటివ్వు,” అన్నాడు. “బస్సులో నిలబడే వచ్చాను.”

ఆమె లేచింది. ఆయన కూర్చున్నాడు.

“మిషన్లో సాలీడుంది చిన్నాన్నా.”

“తెలుసు.”

“గుండీల పీపా ఏడు నెలలుగా నిండలేదు.”

“ఆవిడ గీతలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చెరిపేద్దామనుకున్నాను ఒకసారి. తడిగుడ్డ కూడా తీసుకెళ్లాను. చేతులు రాలేదు.”

“నేను గుండీలత్తను అందరి ముందూ తిట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు. ఒక్క మాట చెప్పలేదు.”

ఆయన సొరుగు పిడి మీద చెయ్యి వేశాడు.

“మేడమ్‌కు తెలుసా?”

“ఎవరికీ తెలియదు.” సొరుగు లాగాడు. అందులో కాగితాలు. చిన్న చిన్న చీటీలు, నోటుపుస్తకాల్లోంచి చింపినవి, కొన్ని మడిచినవి, కొన్ని నలిగినవి. “ముందు ఇవి చదువు. తర్వాత నన్ను ఏమైనా అను.”

నీలక్క ఒకటి తీసింది. ‘మా నాన్న చొక్కాలు. పోయి ఏడాదైంది. పారేయబుద్ధి కాలేదు. మీరైతే మళ్లీ బట్ట చేస్తారట కదా.’ ఇంకొకటి, పిల్లల రాతలో: ‘ఇది నా చిన్నప్పటి గౌను. దీంతో ఇంకొక అమ్మాయికి గౌను చెయ్యండి.’

“ఇవి ఎక్కడివి?”

“సంచుల్లో పెట్టి పంపేవాళ్లు. జేబుల్లో పెట్టేవాళ్లు. గుడ్డ పొయ్యిలో వేసే ముందు జేబులు తడిమేవాణ్ణి. కాగితం మాత్రం దాచేవాణ్ణి.”

బయట గేటు తెరుచుకున్న కిర్రు. కారు ఇంజను. మూడు గంటలని చెప్పిన మనిషి అరగంట ముందే వచ్చింది. వరండా చివర మేడమ్ గొంతు వినిపించింది, రండి రండి అంటూ, నవ్వుతూ.

“ఆవిడ వచ్చేసింది,” అంది నీలక్క. “నేను ఈ సంతకం పెట్టను చిన్నాన్నా. నువ్వు నన్ను పెంచావు, పని నేర్పావు, అన్నీ నిజమే. పెట్టను. నలభై మందికి ఏం చెప్పాలో నాకు తెలియదు. నువ్వే చెప్పు. నాకూ చెప్పు. ఎందుకు?”

ఆయన కళ్లజోడు తీసి జిప్పుల పక్కన పెట్టాడు. కళ్లజోడు లేని ఆ ముఖం ఒక్కసారిగా పదేళ్లు పెద్దదైనట్టు కనిపించింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది, పనివాళ్లకు దారం ముడి ఎలా వేయాలో చెప్పేటప్పుడు ఉండేలాగే.

“కాల్చింది నేనే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం పట్టలేదు. పదేళ్ల కిందట పాత చొక్కా మిషన్లో వేస్తే వేలెడు పోగు వచ్చేది తల్లీ. ఆ పోగుతో దారం వడికితే కొత్త దూదితో పోటీ పడేది. అది చూసుకునే ఆ హాల్లో అంత మాట అన్నాను. ఇప్పుడొచ్చేవి బట్టలా? నాలుగుసార్లు తొడుక్కుని పారేసినవి. సగం ప్లాస్టిక్కు, మిగతా సగం ఉతుకులకే అరిగిపోయింది. మిషన్లో వేస్తే దుమ్ము వస్తోంది. దారం తెగుతోంది. మగ్గాల వాళ్లు ముఖం మీదే తిట్టారు. నాలుగో వంతు కొత్త దారం కలిపాను. ఆగలేదు. సగం కలిపాను. చివరికి మొత్తం కొత్త దారమే అయింది. అక్కడక్కడా ముతకగా వడికించి, పాతది లాగా కనపడేలా చేశాను. అది కూడా నేనే చేయగలను, ఇంకెవరికీ రాదు. గేటు దగ్గర సంచులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆపమని చెబితే ఎందుకని అడుగుతారు. బయట పారేద్దామంటే మనం పంచిన ప్రతి సంచి మీదా మన ముద్ర. అందుకని కాల్చాను. రోజుకో గంట.

“బూడిద తొట్టికి పోతుందని నాకు తెలియదనుకోకు. ఆరు నెలల పాటు బట్ట బూడిద వేరుగా తీసి, వెనక గోడ పక్కన గుంటలో పూడ్చాను. నీకు కట్టె బూడిదే ఇచ్చాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. అలసిపోయానమ్మా. జల్లెడ పట్టి ఇస్తే చాల్లే, ఏమవుతుందిలే అనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఏమవుతుందో నాకే తెలియాలి, అందరికంటే ముందు. మీ పిన్ని తొట్టిని చంపింది నేనే. పదహారేళ్లు ఆవిడ, నువ్వు బతికించుకున్నదాన్ని మూడు తట్టల బూడిదతో చంపాను. నువ్వు పొద్దున్నే దాని ముందు కూర్చుని వేలు ముంచి వాసన చూస్తుంటే, గోడ చాటున నిలబడి చూసేవాణ్ణి. ఇవాళ చెప్తాను అనుకునేవాణ్ణి. రేపు చెప్తాను అనుకునేవాణ్ణి.”

వరండాలో అడుగులు దగ్గరయ్యాయి. మేడమ్, వెంట ఇంకొకరు. ఆయన తన సంచిలోంచి ఒక కవరు తీసి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు. జిప్పులు పక్కకు కదిలి గలగలమన్నాయి.

“ఇంకొకటుంది. పెట్టనన్నావే, ఆ సంతకం. ఆ ఆఫీసరు ఇవాళ కొత్తగా నీ సంతకం కోసం రాలేదు. మిల్లు నుంచి నెలనెలా తనకు అందిన ఏడు కాగితాల మీది సంతకం, నీ చేతి సంతకం ఒకటేనా కాదా అని చూడటానికి వచ్చింది. నిన్న ఊళ్లో తన ఆఫీసుకు పిలిచి నాకు చెప్పిందదే, ఈ కవర్లో నకళ్లు ఇచ్చిందీ అప్పుడే. ఏడు నెలల నుంచీ నీ సంతకం నేనే పెడుతున్నాను తల్లీ. ఈ మిల్లులో నీ అసలు పేరు గుర్తున్నది నాకొక్కడికే. పలక మీద దాన్ని నీ చేత మొదటిసారి దిద్దించింది నేనే. నీ రాత నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?”